ఫ్లెమింగులు, వాలూన్లు: బెల్జియంలో ఇరుగుపొరుగు జాతుల వైరం

బెల్జియం జనాభాలో సగానికి పైగా ఉత్తరాదిన డచ్చి మాట్లాడే ఫ్లెమింగులు. దక్షిణాదిన ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు మూడో వంతుకు కాస్త తక్కువ. 1830లో పుట్టిన ఈ రాజ్యంలో ఇరువర్గాల మధ్య పెరిగిన ఎడం చివరకు దేశ స్వరూపాన్నే మార్చేసింది. ఒకే పార్లమెంటు, ఒకే ప్రభుత్వం కింద నడిచిన దేశం 1970 నుంచి ఆరు విడతల రాజ్యాంగ సంస్కరణలతో సమాఖ్య అయింది. ఈ తగాదాలో మతం పాత్ర లేదు. ఇరువైపులా సంప్రదాయంగా రోమన్ క్యాథలిక్కులే. ఆయుధాల పాత్రా దాదాపు లేదు. భాష, డబ్బు, పరువు, ఎవరి ఊరు ఎవరిది అన్న పేచీ, ఈ నాలుగింటి చుట్టూనే కథంతా తిరుగుతుంది.

దేశ వైశాల్యం సుమారు 30,500 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం, కర్నూలు జిల్లాలు కలిపితే ఇంతకంటే పెద్దవి. ఉత్తర భాగమైన ఫ్లాండర్స్‌లో 67 లక్షల పైచిలుకు, దక్షిణ భాగమైన వలోనియాలో 36 లక్షల పైచిలుకు, రాజధాని బ్రస్సెల్స్‌లో 12 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. తూర్పు కొసన ఓయిపెన్ పరిసరాల్లో జర్మన్ మాట్లాడేవారు 80 వేల లోపు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం జర్మనీ నుంచి బెల్జియానికి వచ్చింది. బ్రస్సెల్స్ చుట్టూ నాలుగు వైపులా ఫ్లాండర్సే. కానీ నగరంలో ఎక్కువగా వినిపించేది ఫ్రెంచి. వైరంలో తెగని ముడి ఇదే.

రాజ్యం ముందు, జాతులు తర్వాత

జాతులు అనాదిగా ఉంటాయి, రాజ్యం వాటిని తెచ్చి ఒక గొడుగు కిందికి చేరుస్తుంది అని సాధారణంగా అనుకుంటారు. బెల్జియం చరిత్ర దీనికి ఎదురు నడిచింది. మధ్యయుగాల్లో ఫ్లాండర్స్ అంటే గెంట్, బ్రూజ్, ఈప్ర్ పట్టణాలున్న పడమటి కౌంటీ మాత్రమే. ఆంట్వెర్ప్, లూవెన్, బ్రస్సెల్స్ బ్రబాంట్ డచీలో ఉండేవి. ఇప్పుడు వలోనియాలో పెద్ద నగరమైన లియేజ్ 1795 దాకా ఒక బిషప్పు ఏలిన వేరే సంస్థానం. ఆంట్వెర్ప్ వర్తకుడు తాను ఫ్లెమింగునని గానీ, లియేజ్ కమ్మరి తాను వాలూన్నని గానీ జెండా పట్టుకునే రోజులు కావవి. ఉత్తరాది వాళ్ళందరూ ఫ్లెమింగులు, దక్షిణాది వాళ్ళందరూ వాలూన్లు అన్న గుర్తింపు బెల్జియం ఏర్పడ్డాకే, బెల్జియంతో పడిన పేచీల్లోంచే గట్టిపడింది.

1815లో వియన్నా సమావేశం ఈ ప్రాంతాలను నెదర్లాండ్స్‌తో కలిపి మొదటి విలియం రాజు చేతిలో పెట్టింది. ప్రొటెస్టెంటు రాజు మీద క్యాథలిక్ మతగురువులకూ, ఆయన నిరంకుశ ధోరణి మీద ఉదారవాదులకూ కోపం వచ్చింది. 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో ఒక ఒపేరా ప్రదర్శన ముగిశాక మొదలైన అల్లరి తిరుగుబాటుగా మారింది. అక్టోబరు 4న స్వాతంత్ర్యం ప్రకటించారు. 1831 జూలై 21న మొదటి లియోపోల్డ్ రాజుగా ప్రమాణం చేశాడు. ఆ తిరుగుబాటులో ఉత్తరాది, దక్షిణాది అన్న తేడా పెద్దగా లేదు.

కొత్త రాజ్యాంగం ఎవరి భాష వారు వాడుకోవచ్చని చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ స్వేచ్ఛ ఆచరణలో అధికారులకు దక్కింది. పన్ను కట్టే స్తోమతను బట్టి ఓటు హక్కు ఉండేది కాబట్టి తొలినాళ్ళలో వందమందిలో సుమారు ఒకరికే ఓటు. ఆ ఒక్కరు ఫ్రెంచి వచ్చినవారు. కోర్టు, సైన్యం, కళాశాల, ప్రభుత్వ కచేరీ అన్నీ ఫ్రెంచిలోనే నడిచాయి. తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. గెంట్, ఆంట్వెర్ప్ నగరాల సంపన్నులు కూడా ఇంట్లో ఫ్రెంచే మాట్లాడేవారు. ఫ్లెమిష్ మాండలికం వంటవాళ్ళతో, బండివాళ్ళతో మాట్లాడటానికి. కాబట్టి ఫ్లెమిష్ ఉద్యమం మొదట తలపడింది వాలూన్లతో కాదు, సొంత ఊళ్ళలో ఉన్న సొంత దొరలతో. దానికి ప్రాంతీయ వైరం రంగు తర్వాత పూశారు.

దొరల భాష, కూలీల భాష

19వ శతాబ్దం నడుమ ఫ్లాండర్స్ పేదరికానికి మారుపేరు. చేతి రాట్నం మీద నార వడికి, మగ్గం మీద నేసి బతికిన పల్లెల్ని యంత్రాల వస్త్రం దెబ్బకొట్టింది. అదే సమయంలో, 1845 తర్వాత, బంగాళదుంపకు తెగులు సోకి కరువొచ్చింది. దక్షిణాన పరిస్థితి వేరు. లియేజ్ పక్కన సెరాంగ్‌లో జాన్ కాకరిల్ 1817లో పెట్టిన ఇనుప కర్మాగారం, షార్లెర్వా చుట్టూ ఉన్న బొగ్గు గనులు వలోనియాను యూరప్ ప్రధాన భూభాగంలో తొలి పారిశ్రామిక సీమల్లో ఒకటిగా నిలిపాయి. ఫ్లెమిష్ కూలీలు రైలెక్కి దక్షిణాది గనులకు, ఉత్తర ఫ్రాన్స్ పొలాలకు వలస పోయారు. అక్కడ వాళ్ళు తక్కువ కూలికి ఒప్పుకునేవాళ్ళు, మాట అర్థం కానివాళ్ళు, మొరటువాళ్ళు. వలస కూలీకి ఎక్కడైనా దక్కే మర్యాదే ఇది.

ఆ చిన్నచూపుకు గుర్తుగా ఫ్లెమిష్ జ్ఞాపకంలో నిలిచిపోయిన ఉదంతం కౌకే, గూతాల్స్ అనే ఇద్దరు వలస కూలీలది. షార్లెర్వా దగ్గర ఒక వితంతువు హత్య కేసులో వాళ్ళకు 1860లో మరణశిక్ష అమలు చేశారు. వాళ్ళకు ఫ్రెంచి సరిగా రాదు. విచారణ మొత్తం ఫ్రెంచిలో సాగింది. వాళ్ళు నిజంగా నిర్దోషులేనా అన్నదాని మీద వాదం తెగలేదు. ముద్దాయికి తన మీద మోపిన నేరమేమిటో అర్థం కాని కోర్టు ఒకటి ఉందన్న సంగతి మాత్రం అందరికీ తెలిసిపోయింది. 1873లో ఫ్లాండర్స్ క్రిమినల్ కోర్టుల్లో డచ్చి వాడకానికి చట్టం వచ్చింది. తర్వాత 1878లో పాలనకు, 1883లో ఉన్నత పాఠశాలలకు చట్టాలు వచ్చాయి. 1893లో పురుషులందరికీ ఓటు రావడంతో ఫ్లెమిష్ సంఖ్యాబలం లెక్కకెక్కింది. 1898 చట్టం డచ్చి పాఠానికి ఫ్రెంచి పాఠంతో సమాన విలువ ఇచ్చింది. అంటే అప్పటిదాకా, రాజ్యం పుట్టిన 68 ఏళ్ళ పాటు, దేశంలో అధిక సంఖ్యాకుల భాషలో ఉన్న చట్టానికి చట్టం విలువ లేదన్నమాట.

చట్టాలతో పాటు కథలూ పనిచేశాయి. ఆంట్వెర్ప్ రచయిత హెండ్రిక్ కొన్‌సియాన్స్ 1838లో రాసిన ‘ఫ్లాండర్స్ సింహం’ నవల 1302 నాటి కోర్ట్‌రైక్ యుద్ధాన్ని ప్రతి ఇంటికీ చేర్చింది. ఆ యుద్ధంలో పట్టణ చేతివృత్తులవాళ్ళ కాలిసేన ఫ్రెంచి రాజు గుర్రపు దళాన్ని ఓడించి, వీరుల బంగారు మడమముళ్ళను ఏరి చర్చిలో వేలాడదీసింది. యుద్ధం జరిగిన జూలై 11 ఇప్పుడు ఫ్లాండర్స్ అధికారిక పండుగ. ఆ సేనలో నేటి వలోనియాకు రాజధాని అయిన నామూర్ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు; నవల గానీ, పండుగ గానీ ఆ సంగతి మీద పెద్దగా నిలబడవు. 

వాలూన్ ఉద్యమం దీనికి ప్రతిగా పుట్టింది. డచ్చి రాని ఫ్రెంచి ఉద్యోగులకు కొత్త భాషా చట్టాలు ముప్పుగా కనిపించాయి. ఎన్నికల్లో ఉత్తరాది క్యాథలిక్ పార్టీకి, దక్షిణాది సోషలిస్టులకూ ఉదారవాదులకూ ఓటేయడం, ప్రభుత్వం మాత్రం ఎప్పుడూ క్యాథలిక్కులదే కావడం ఇంకో కడుపుమంట. 1912లో సోషలిస్టు నాయకుడు జూల్స్ దెస్త్రే రాజుకు రాసిన బహిరంగ లేఖలో బెల్జియంలో వాలూన్లు, ఫ్లెమింగులు ఉన్నారే తప్ప బెల్జియన్లు లేరని తేల్చేశాడు. మరుసటి ఏడాది వాలూన్లు ఎర్ర కోడిపుంజు జెండాను స్వీకరించారు. ఫ్లెమిష్ జెండా మీద నల్ల సింహం. 

రెండు యుద్ధాలు, ఒక రాజు

1914 ఆగస్టులో జర్మనీ దండెత్తినప్పుడు మొదటి ఆల్బర్ట్ రాజు సైన్యానికిచ్చిన పిలుపులో ఫ్లెమింగులకు 1302 యుద్ధాన్ని గుర్తుచేశాడు, వాలూన్లకు లియేజ్ కోసం ప్రాణాలిచ్చిన ఫ్రాంషిమోన్ వీరుల్ని గుర్తుచేశాడు. ఒకే దేశపు సైన్యానికి రెండు చరిత్రలు చెప్పవలసి వచ్చింది. యజర్ నది ఒడ్డున నాలుగేళ్ళు కందకాల్లో గడిపిన సైనికుల్లో ఎక్కువమంది ఫ్లెమింగులు. అధికారుల ఆజ్ఞలు ఫ్రెంచిలో ఉండేవి. ఆజ్ఞ అర్థం కాకే వేలమంది చనిపోయారన్న ప్రచారాన్ని తర్వాతి చరిత్రకారులు అతిశయోక్తిగా తోసిపుచ్చారు. కానీ ఆ అవమానం అబద్ధం కాదు. సైనికులు రహస్యంగా నడిపిన ‘ఫ్రంట్ ఉద్యమం’ యుద్ధానంతర ఫ్లెమిష్ జాతీయవాదానికి పునాది అయింది.

జర్మన్ ఆక్రమణదారులు ఈ పగులును చూసి అందులో మేకు దిగ్గొట్టారు. 1916లో గెంట్ విశ్వవిద్యాలయాన్ని డచ్చి మాధ్యమంలోకి మార్చారు. న్యాయమైన కోరికను శత్రువు తీర్చడం ఎంత చేటో ఫ్లెమిష్ ఉద్యమానికి యుద్ధం ముగిశాక తెలిసింది. విశ్వవిద్యాలయం మళ్ళీ ఫ్రెంచిలోకి వెళ్ళింది, ఉద్యమానికి దేశద్రోహ ముద్ర పడింది. బెల్జియం ప్రభుత్వమే దాన్ని పూర్తిగా డచ్చిలోకి మార్చడానికి 1930 దాకా పట్టింది. రెండో యుద్ధంలో ఇదే కథ మరింత ముదిరింది. నాజీలు ఫ్లెమిష్ యుద్ధ ఖైదీలను త్వరగా విడిచిపెట్టి, వేలమంది వాలూన్లను యుద్ధం ముగిసేదాకా జర్మనీలో ఉంచారు. నాజీలతో చేతులు కలిపినవాళ్ళు ఇరువైపులా ఉన్నారు. వాలూన్ ఫాసిస్టు లెయోన్ దెగ్రెల్ అందుకు సాక్ష్యం. అయినా యుద్ధానంతర శిక్షలు తమ ఉద్యమాన్ని అణచడానికేనని ఫ్లెమిష్ జాతీయవాదులు, ద్రోహం ఉత్తరాది గుణమని చాలామంది వాలూన్లు నమ్మారు. డిక్స్‌ముయిడెలో ఫ్లెమిష్ సైనికుల స్మారకంగా నిలిపిన యజర్ గోపురాన్ని 1946లో ఎవరో పేల్చేశారు. దోషులు దొరకలేదు. 1965 నాటికి ఇంకా ఎత్తైన గోపురం లేచింది.

యుద్ధకాలంలో జర్మన్లకు లొంగిపోయి దేశంలోనే ఉండిపోయిన మూడో లియోపోల్డ్ రాజు తిరిగి సింహాసనమెక్కాలా వద్దా అని 1950 మార్చి 12న ప్రజాభిప్రాయం సేకరించారు. దేశం మొత్తం మీద దాదాపు 58 శాతం రావాలన్నారు. ఫ్లాండర్స్‌లో 72 శాతం అవునంటే వలోనియాలో 42 శాతమే అన్నారు. రాజు వచ్చాడు, వలోనియాలో సమ్మెలు రాజుకున్నాయి, లియేజ్ పక్కన గ్రాస్-బెర్లర్‌లో పోలీసు కాల్పుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. లియోపోల్డ్ కొడుకు బోదువెన్‌కు పగ్గాలు అప్పగించి తప్పుకున్నాడు. మెజారిటీ తమదే అయినా వీధిలోకి దిగినవాళ్ళ మాట చెల్లిందని ఉత్తరాది మనసులో ఉండిపోయింది. లెక్కపెడితే ఎప్పుడూ తామే ఓడతామని దక్షిణాదికి అర్థమైంది. 

తారుమారైన కలిమి

1956 ఆగస్టు 8న షార్లెర్వా దగ్గరి మార్సినెల్ బొగ్గు గనిలో నిప్పంటుకుని 262 మంది చనిపోయారు. వాళ్ళలో 136 మంది ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. అప్పటికే చాలామంది ఫ్లెమింగులు దక్షిణాది గనుల పని వదిలేశారు. వలోనియా పరిశ్రమ వయసుడిగింది. గనులు ఒక్కొక్కటే మూతపడి 1984లో చివరిది ఆగిపోయింది. ఉక్కు కర్మాగారాలదీ ఇంచుమించు అదే దారి. మరోవైపు ఆంట్వెర్ప్ రేవు చుట్టూ రసాయన పరిశ్రమలు, గెంక్‌లో ఫోర్డ్ కార్ల కర్మాగారం, గెంట్ దగ్గర సముద్రపు ఓడలు నేరుగా చేరే కొత్త సిడ్మార్ ఉక్కు కర్మాగారం లేచాయి. 1960ల నడుమ తలసరి ఉత్పత్తిలో ఫ్లాండర్స్ వలోనియాను దాటింది. పొరుగువాడి పొలం పండి తన చెరువు ఎండినట్టయింది వాలూన్ కార్మికుడికి.

1960-61 చలికాలంలో ప్రభుత్వ పొదుపు చట్టానికి వ్యతిరేకంగా జరిగిన సార్వత్రిక సమ్మె ఈ నేపథ్యంలోనే మలుపు తిరిగింది. సమ్మె దక్షిణాన ఉధృతంగా సాగి ఉత్తరాన చప్పబడటంతో లియేజ్ కార్మిక నాయకుడు ఆంద్రే రెనార్ వలోనియా ఆర్థిక వ్యవహారాలు వలోనియా చేతిలోనే ఉండాలన్న నినాదం ఎత్తుకున్నాడు. ఇలా ఇద్దరూ స్వపరిపాలనే కోరారు, కానీ ఇద్దరి కారణాలు వేరు. ఫ్లెమింగులకు భాష, చదువు, సంస్కృతి మీద అధికారం కావాలి. వాలూన్లకు పరిశ్రమ, ఉద్యోగాల మీద అధికారం కావాలి. బెల్జియం సమాఖ్యలో భాషను బట్టి మూడు ‘సముదాయాలు’, భూభాగాన్ని బట్టి మూడు ‘ప్రాంతాలు’ అని రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉండటానికి మూలం ఇదే. చూసేవారికి చిక్కుముడిలా కనిపించే ఆ ఏర్పాటు రెండు వేర్వేరు ఫిర్యాదులకు రెండు వేర్వేరు జవాబులు.

పాత గాయం మాత్రం కలిమిలేములు తారుమారైనా మానలేదు. డబ్బు, సంఖ్య, అధికారం అన్నీ చేతికొచ్చాక కూడా ఫ్లాండర్స్ తనను తాను 1860 నాటి కూలీగానే తలుచుకుంటుంది. వలోనియా తాను దేశాన్ని పోషించిన రోజుల్ని తలుచుకుని, అప్పటి ఉపకారానికి ఇప్పుడు లెక్కలడుగుతున్నారని నొచ్చుకుంటుంది. ఎవరికి వారు తాము దెబ్బతిన్న కాలం దగ్గరే గడియారం ఆపుకున్నారు. ఒకే దేశపు ప్రజల మధ్య కోపతాపాలు ఎందుకు చల్లారవో తెలియడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

గీత గీసిన దేశం

1932 చట్టం ఫ్లాండర్స్‌లో డచ్చిని, వలోనియాలో ఫ్రెంచిని ఏకైక పాలనా భాషలుగా చేసింది. అయితే పదేళ్ళకోసారి జరిగే జనగణనలో భాషల లెక్క మారితే ఊరి భాషా మార్చవచ్చు. బ్రస్సెల్స్ శివార్లలో ఇది చిచ్చు పెట్టింది. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళు కట్టుకుంటున్న కొద్దీ, కాగితం మీద నూనె మరక పాకినట్టు నగరం ఫ్లెమిష్ నేలను తినేస్తోందని గగ్గోలు పుట్టింది. 1947 లెక్కలను ప్రభుత్వం 1954 దాకా బయటపెట్టలేదు; బయటపెట్టాక మూడు ఊళ్ళు బ్రస్సెల్స్‌లో కలిశాయి. తర్వాతి గణనలో భాష గురించి అడిగే పత్రాలు పంచబోమని ఫ్లెమిష్ మేయర్లు మొండికేశారు. 1961లో ఆ ప్రశ్ననే చట్టం ద్వారా తీసేశారు. ఫలితంగా భాష పేరిట ఆరుసార్లు రాజ్యాంగాన్ని మార్చుకున్న దేశంలో ఏ భాష ఎంతమంది మాట్లాడుతున్నారో చెప్పే అధికారిక లెక్క ఇవాళ్టికీ లేదు.

1962 నవంబరు 8 నాటి చట్టం భాషా సరిహద్దును శాశ్వతంగా గీసింది. మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది. గీత పొడవునా కొన్ని ఊళ్ళలో అల్పసంఖ్యాకులకు తమ భాషలో కాగితాలు పొందే ‘సౌకర్యం’ కల్పించారు. ఈ సౌకర్యం వలస వచ్చినవాళ్ళు డచ్చి నేర్చుకునేదాకా ఇచ్చిన గడువని ఫ్లెమింగులు, శాశ్వత హక్కని ఫ్రెంచివాళ్ళు అర్థం చేసుకున్నారు. బ్రస్సెల్స్‌ను ఆనుకుని ఉన్న లింకెబేక్ లాంటి ఆరు ఊళ్ళు ఇప్పటికీ ఫ్లాండర్స్‌లోనే ఉన్నాయి, వాటిలో చాలావాటిలో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఫ్రెంచిలో కాగితం కావాలంటే ప్రతిసారీ కొత్తగా అడగాల్సిందేనని 1997లో ఫ్లెమిష్ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. 2006 స్థానిక ఎన్నికల పిలుపు పత్రాలను ఫ్రెంచిలో పంపినందుకు ముగ్గురు మేయర్ల నియామకాన్ని ఫ్లెమిష్ మంత్రి తిరస్కరించాడు. వాళ్ళు జనం ఎన్నుకున్నవాళ్ళే, పంపిన ఉత్తరాలు ఓటర్లకు అర్థమయ్యేవే. తప్పల్లా భాషదే. దారి పక్కన రెండు భాషల్లో రాసిన ఊరి పేరులో ఒకదాని మీద రాత్రికి రాత్రి రంగు పూసేయడం ఈ ప్రాంతాల్లో పాత అలవాటు.

అన్నిటికంటే విడ్డూరం ఫూరెన్ కథ. సుమారు 4 వేల జనాభా ఉన్న ఈ పల్లెల గుంపును 1963లో లియేజ్ ప్రావిన్సు నుంచి తీసి ఫ్లెమిష్ లింబర్గ్‌లో కలిపారు. ఊళ్ళో చాలామందికి అది ఇష్టం లేదు. 1980లలో పండ్లతోటల రైతు జోసె హపార్ మేయరుగా గెలిచాడు. డచ్చి వచ్చని నిరూపించుకునే పరీక్షకు కూర్చోనన్నాడు. నియమించడం, రద్దు చేయడం, మళ్ళీ ఎన్నుకోవడం, మళ్ళీ కోర్టు, ఇలా ఏళ్ళు గడిచి 1987లో విల్‌ఫ్రెడ్ మార్టెన్స్ ప్రభుత్వమే కూలిపోయింది. క్షిపణుల మోహరింపు వివాదాన్నీ, అప్పుల బెడదనూ తట్టుకుని నిలిచిన ప్రధాని ఒక పల్లె మేయరు దగ్గర జారిపడ్డాడు.

లూవెన్ విశ్వవిద్యాలయం చీలిక ఈ వైరంలో అతి పెద్ద సాంస్కృతిక ఘట్టం. 1425లో స్థాపించిన ఈ క్యాథలిక్ విద్యాసంస్థ గీతకు ఉత్తరాన, డచ్చి నేలలో ఉంది. అందులో ఫ్రెంచి విభాగం కొనసాగితే లూవెన్ మరో బ్రస్సెల్స్ అవుతుందని 1966 నుంచి విద్యార్థులు వాలూన్లను పొమ్మంటూ వీధికెక్కారు. సంస్థను చీల్చకూడదని బిషప్పులు పట్టుబట్టడం ఆజ్యం పోసింది. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం పడిపోయింది, విశ్వవిద్యాలయం రెండైంది. ఫ్రెంచి విభాగం కోసం గీతకు అవతల పొలాల్లో లూవాన్-లా-న్యూవ్ అనే కొత్త పట్టణాన్నే కట్టారు. గ్రంథాలయంలో పుస్తకాల పంపకానికి వేరే దారి తోచక, పుస్తకం అర నంబరు బేసి అయితే ఒకరికి, సరి అయితే ఇంకొకరికి ఇచ్చారు. సంపుటాలున్న పత్రికలు కొన్నిచోట్ల సగం ఇటు, సగం అటు పోయాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదాల్లో ఇంతకంటే పెడసరి తీర్పులు ఉంటాయేమో గానీ, విశ్వవిద్యాలయాల చరిత్రలో అరుదు.

అదే ఏడాది క్యాథలిక్ పార్టీ భాషా ప్రాతిపదికన రెండుగా చీలింది. 1972లో ఉదారవాదులు, 1978లో సోషలిస్టులు అదే బాట పట్టారు. అప్పటి నుంచి ప్రధాన పార్టీలు, బ్రస్సెల్స్ మినహా, తమ భాషా ప్రాంతంలోనే ఓటు అడుగుతాయి. నామూర్ ఓటరు ఫ్లెమిష్ ప్రధానిని శిక్షించలేడు, గెంట్ ఓటరు వాలూన్ మంత్రిని మెచ్చుకోలేడు. పొరుగువాణ్ని తిట్టడం వల్ల నాయకుడికి ఓటు పోయేదేమీ లేదు, వస్తే రావచ్చు. పెద్ద పార్టీల్లో దేశమంతటా ఒకటిగా నిలిచింది కార్మికుల పార్టీ ఒక్కటే. ప్రభుత్వ రేడియో, టీవీ 1960లోనే వేరుపడ్డాయి. పాఠశాలలూ 1980ల చివర సముదాయాల చేతికి వెళ్ళాయి. 

లెక్కాజమా, ప్రతిష్టంభన

1970 రాజ్యాంగ సవరణ ప్రధానిని మినహాయించి మంత్రుల్లో డచ్చి, ఫ్రెంచి వాళ్ళ సంఖ్య సమానంగా ఉండాలని, కీలక చట్టాలకు రెండు భాషా వర్గాల్లోనూ మెజారిటీ కావాలని నిర్దేశించింది. బ్రస్సెల్స్ 1989లో సొంత ప్రాంతమైంది. 1993లో రాజ్యాంగం మొదటి అధికరణమే బెల్జియం సమాఖ్య అని ప్రకటించింది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సాంఘిక శాస్త్రంలో తెలుగు పిల్లలు శ్రీలంకకు పక్కన పెట్టి చదువుకునే బెల్జియం ఇదే. ఆ పోలికలో న్యాయం ఉంది. శ్రీలంకలో వేలకు వేలు ప్రాణాలు పోగా ఇక్కడ భాషా కలహంలో చనిపోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అయితే పాఠంలో కనిపించని వెల ఒకటుంది. తగవు రాకుండా ఇద్దరినీ వేరే గదుల్లో ఉంచారు. ఇద్దరూ కలిసి కూర్చునే గది ఇరుకైపోయింది.

మిగిలిన ఉమ్మడి గదుల్లో పెద్దది సామాజిక భద్రత. పింఛన్లు, నిరుద్యోగ భృతి, ఆరోగ్య బీమా జాతీయ ఖజానా నుంచి వెళ్తాయి కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి ఏటా వందల కోట్ల యూరోలు పారుతాయి. 2005లో ఫ్లెమిష్ జాతీయవాద పార్టీ ఎన్-విఎ నాయకుడు బార్ట్ డె వెవర్ నకిలీ యూరో నోట్ల కట్టలు నింపిన లారీలను వలోనియాలోని స్ట్రెపీ-త్యూ పడవల లిఫ్టు దాకా నడిపించి ఈ సంగతిని చాటాడు. వలోనియా జనం దాన్ని మరిచిపోలేదు. 2006 డిసెంబరు 13న ఫ్రెంచి ప్రభుత్వ టీవీ ఫ్లాండర్స్ స్వాతంత్ర్యం ప్రకటించిందని, రాజు దేశం విడిచాడని మామూలు వార్తల్లా ప్రసారం చేస్తే చాలామంది నమ్మేశారు. అది కల్పన అని తెర మీద వేసేసరికి కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు కూడా. మరుసటి ఏడాది జూలై 21న, కాబోయే ప్రధాని ఈవ్ లెటెర్మ్‌ను జాతీయ గీతం ఫ్రెంచిలో పాడమని విలేకరి అడిగితే ఆయన ఫ్రాన్స్ జాతీయ గీతం ఎత్తుకున్నాడు.

2010 జూన్ 13 ఎన్నికల తర్వాత బ్రస్సెల్స్ చుట్టూ ఉన్న ఉమ్మడి ఎన్నికల నియోజకవర్గాన్ని చీల్చే విషయంతో సహా పేచీలన్నీ పార్టీలు కూర్చుని తేల్చి ప్రభుత్వం ఏర్పరచడానికి 541 రోజులు పట్టింది. ఇలియో డి రూపో ప్రభుత్వం 2011 డిసెంబరు 6న ప్రమాణం చేసేదాకా తాత్కాలిక మంత్రివర్గమే దేశాన్ని నడిపింది. చెత్త ఎత్తారు, జీతాలు ఇచ్చారు, పిల్లలు బడికెళ్ళారు. అధికారం అప్పటికే చాలావరకు ప్రాంతాలకు వెళ్ళిపోయి ఉండటమే అందుకు కారణం. ప్రభుత్వం లేని రికార్డులో ఇరాక్‌ను అందుకున్న 2011 ఫిబ్రవరిలో విద్యార్థులు వీధుల్లో ఉచితంగా వేయించిన బంగాళదుంపలు పంచి వేడుక చేసుకున్నారు. ఆ వంటకం మీద ఇరువర్గాలకూ పేచీ లేదు.

2024 జూన్ ఎన్నికల్లో ఫ్లాండర్స్‌లో ఎన్-విఎ మొదటి స్థానంలో, వలసల వ్యతిరేకత, ఫ్లెమిష్ స్వాతంత్ర్యం కలిపి ప్రచారం చేసే వ్లామ్స్ బెలాంగ్ రెండో స్థానంలో నిలిచాయి. 2025 ఫిబ్రవరి 3న డె వెవర్ బెల్జియం ప్రధాని అయ్యాడు. లారీల ఊరేగింపు తీసిన మనిషే ఇప్పుడు రెండు జాతుల బడ్జెట్‌నూ సర్దాలి. అయినా దేశం చీలిపోవాలని కోరేవారు ఫ్లాండర్స్‌లోనూ సర్వేల్లో తక్కువమందే. ఆ పార్టీలకు పడే ఓట్లలో వలసల మీద, పన్నుల మీద కోపమూ కలిసి ఉంటుంది. రాజు, జాతీయ అప్పు, ఫుట్‌బాల్ జట్టు ఇప్పటికీ ఉమ్మడి ఆస్తులు. 2018 ప్రపంచ కప్పులో మూడో స్థానం తెచ్చిన జట్టుకు స్పెయిన్ వాడైన శిక్షకుడు రాబర్టో మార్టినెజ్ ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడు. 

విడిపోవడానికి అసలు అడ్డంకి బ్రస్సెల్స్. ఫ్లాండర్స్ దాన్ని తన రాజధానిగా ప్రకటించుకుంది, తన పార్లమెంటును అక్కడే నడుపుతోంది; వేలమంది ఫ్లెమింగులు రోజూ రైల్లో అక్కడికి ఉద్యోగానికి వెళ్తారు. నగర జనంలో మూడో వంతుకు పైగా విదేశీ పౌరులు. మొరాకో, టర్కీ మూలాలున్న కుటుంబాలు, యూరోపియన్ యూనియన్, నాటో ఉద్యోగులు కూడా నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఫ్లెమింగా, వాలూనా అన్న ప్రశ్న వీళ్ళలో చాలామందికి వర్తించదు. నగరాన్ని ఇద్దరూ ఉమ్మడిగా ఏలాలని, స్వతంత్ర నగర రాజ్యం చేయాలని, యూరోపియన్ యూనియన్‌కు అప్పగించాలని ప్రతిపాదనలు వచ్చాయి. ఇరువైపులా ఒప్పుకున్నది వాటిలో ఒక్కటీ లేదు.